మా వాడి ముక్కు మీద నల్ల చుక్కలు, జిడ్డు మొహం... ఏడాదిగా మేం పడ్డ పాట్లు

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా వాడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లోనే ఉంటున్నాడు, అప్పుడు గమనించా, రోజుకి ఏడెనిమిది సార్లు మొహం కడుగుతున్నాడు, అదీ ఒంటి సబ్బుతో. మాది తెనాలి, ఇక్కడ ఎండలూ ఉక్కపోతా ఎలా ఉంటాయో ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, చెమటకి కడుక్కుంటున్నాడులే అనుకున్నా. ఓ రోజు మధ్యాహ్నం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి అరగంటైనా రాకపోయేసరికి తలుపు కొట్టా. గడియ తీశాడు, చేతిలో పిన్నీసు, ముక్కు పక్కన చిన్న రక్తపు చుక్క. "ఏంట్రా ఇది" అన్నా కంగారుగా, ఏం మాట్లాడలా, పిన్నీసు జేబులో వేసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు.

రాత్రి అన్నాలయ్యాక మేడ మీద కూర్చున్నప్పుడు మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు. క్లాసులో ఇద్దరు ముగ్గురు వీణ్ణి నూనె డబ్బా అని పిలుస్తారంట, ఒకడైతే గ్రూప్ ఫొటోలో వీడి ముక్కు పెద్దది చేసి అందరికీ పంపాడంట. జనవరి నుంచీ నడుస్తోంది ఇది, నాకు ఒక్క ముక్క తెలీదు. నాలుగు నెలలు ఒక్కడే మోశాడు కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మధ్య ఫొటో తీస్తానంటే వద్దు వద్దని పక్కకి తప్పుకునేవాడు, వయసొచ్చింది సిగ్గు అనుకున్నా గానీ ఇదని తట్టలేదు.

ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలు చాలామంది ఉంటారు, మేం చేసిన తప్పులు ఇంకొకళ్ళు చెయ్యకుండా ఉంటారని మొత్తం రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మా పిల్లాడికి జరిగింది, వాడి డాక్టర్ గారు మాకు చెప్పింది, అంతే.

మొదటి తప్పు నాదే. నాకు తెలిసిన వైద్యం నలుగు. మా ఇంట్లో పెసరపిండి, శెనగపిండి, కచ్చూరాలు, పసుపు కలిపిన సున్నిపిండి ఎప్పుడూ ఉంటుంది, అత్తయ్య చేస్తారు. అది పెరుగులో కలిపి రోజూ పొద్దున్నే వాడి ముక్కూ నుదురూ బాగా రుద్దేదాన్ని, ఎందుకంటే ఆ నల్ల చుక్కలు మురికి అనే నా నమ్మకం. రుద్దగా రుద్దగా పోతాయి కదా అని. పోలేదు సరికదా చర్మం ఎర్రగా కందిపోయి మధ్యాహ్నానికి ఇంకా జిడ్డు కారేది. తర్వాత మా ఆడపడుచు ఫోన్‌లో చెప్పింది, నిమ్మచెక్క మీద పంచదార చల్లి రుద్దు వదినా, రెండు రోజుల్లో తేడా చూస్తావు అని. అదీ చేశా. వాడు మంట అని అరుస్తుంటే కాస్త ఓర్చుకో నాన్నా అన్నా. ఆ రోజు సాయంత్రం ఎండలో క్రికెట్‌కి వెళ్ళొస్తే ముక్కు పక్కన నల్లగా మచ్చ కట్టింది. నిమ్మరసం చర్మానికి మరీ ఎక్కువ పులుపంట, దాని మీద ఎండ తగిలితే కాలినట్టు అవుతుందని నాకు తెలిసేసరికి ఆగస్టు వచ్చింది.

దాని కంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఆన్‌లైన్‌లో స్టీలు పుల్ల ఒకటి దొరుకుతుంది, ఒక చివర చిన్న రింగులా ఉంటుంది, బ్లాక్ హెడ్స్, అంటే ఆ నల్ల చుక్కల మీద పెట్టి నొక్కితే బయటికి వస్తాయని వీడియోల్లో చూపిస్తారు. తెప్పించా. ఆవిరి పట్టించి, వాణ్ణి వరండాలో వెలుతురుకి కూర్చోబెట్టి నొక్కా. రెండు మూడు వచ్చాయి, బియ్యపు గింజ ముక్కంత ఉన్నాయి, పైన నల్లగా కింద పసుపుగా. వచ్చాయి కదా అని నాకు ఉత్సాహం వచ్చి రానివాటిని కూడా గట్టిగా నొక్కా. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఐనా కదలకుండా కూర్చున్నాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది. మర్నాటికి ఆ చోట రెండు మొటిమలు వాచి లేచాయి, వాటి మచ్చలు పోవడానికి చాలా నెలలు పట్టింది. మన రంగు చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా, గిల్లినా, వాచినా అక్కడ నల్లగా మచ్చ పడి నెలల తరబడి ఉంటుంది. మొటిమ వారంలో పోతుంది, మచ్చ పోదు.

జూన్‌లో మా పిన్నిగారి అబ్బాయి పెళ్ళి. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ అందరి ముందూ వాడి గడ్డం పట్టుకుని "ఏంట్రా అబ్బాయ్, మొహం ఇట్టా చేసుకున్నావు, వేడి చేసిందా, మీ అమ్మ మజ్జిగ పొయ్యట్లేదా" అంది. ఆవిడ ప్రేమతోనే అంది, తప్పు పట్టను. కానీ వాడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి బయట కారులో కూర్చున్నాడు, స్వీటు కూడా ముట్టలా. బంధువులందరికీ ఒకటే మనవి, ఆ వయసు పిల్లల మొహం గురించి నలుగురిలో మాట్లాడకండి, ముద్దుగా కూడా వద్దు. వాళ్ళు రోజంతా అద్దంలో చూసేది అదే, మనం గుర్తు చెయ్యక్కర్లేదు.

ఆ పెళ్ళి తర్వాత వాడు మాకు చెప్పకుండా ఒక పని చేశాడు. ఫ్రెండ్ ఎవరో చెబితే మెడికల్ షాపుకి వెళ్ళి మొటిమలకి, తెల్లబడ్డానికి అని అడిగితే ఒక ట్యూబు ఇచ్చారంట. డాక్టరు చీటీ లేదు, ఏం లేదు. దాచిన పాకెట్ మనీతో కొన్నాడు. వారంలో మొహం మారిపోయింది, మొటిమలు ఎండిపోయాయి, రంగు తేలింది, నేను కూడా వయసు తిరిగిందేమో అని సంతోషపడ్డా. జూలై అంతా రాశాడు, ట్యూబు అయిపోయింది, మళ్ళీ కొనడానికి డబ్బుల్లేక మానేశాడు. నాలుగో రోజుకల్లా బుగ్గలు ఎర్రగా మండిపోయి, ఎండలోకి వెళ్తే కారం పూసినట్టుందని ఏడుపు, మొహం మొత్తం చిన్న చిన్న ఎర్ర పొక్కులు ఒకే సైజులో. అప్పుడు భయపడి ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం అంటే మా వారు ముందు ఒప్పుకోలేదు. మగపిల్లాడికి ఇవన్నీ ఏంటి, ఆ వయసులో అందరికీ వస్తాయి, నాకు రాలేదా, అవే పోయాయి అన్నారు. ఆయన రెండు బుగ్గల మీదా ఆ మొటిమల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. నేను గొడవ పడలా, "మొటిమలు పోయాయి, కానీ ఆ గుంటలు మిగిలాయి కదండీ, వాడికి కూడా అలా మిగలాలా" అని అడిగా అంతే. ఆయన చాలాసేపు ఏం అనలేదు. మర్నాడు పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి ఆయనే గుంటూరు తీసుకెళ్ళారు మమ్మల్ని.

అక్కడ ఒక మాట చెప్పాలి, బోర్డు మీద స్కిన్ క్లినిక్, గ్లో, లేజర్ అని ఉన్నంత మాత్రాన అందరూ చర్మ వైద్యులు కాదు. ఎం.డి. డి.వి.ఎల్. అనో డి.డి.వి.ఎల్. అనో చదివినవాళ్ళా కాదా చూసుకుని వెళ్ళాం. ఫోన్ చేసినప్పుడే వాడినవన్నీ పట్టుకురండి అన్నారు, ఒక క్యారీ బ్యాగు నిండా తీసుకెళ్ళా, సబ్బు, స్క్రబ్బు, మా ఆడపడుచు పంపిన నైట్ క్రీమ్, ఆ ట్యూబు, చివరికి సున్నిపిండి డబ్బా కూడా. డాక్టరమ్మ ముందు ట్యూబు తీసి అట్టపెట్టె వెనక సన్నటి అక్షరాలు పైకి చదివారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. చివరిది స్టీరాయిడ్ అమ్మా అన్నారు. స్టీరాయిడ్ రాస్తే వాపూ ఎరుపూ టక్కున తగ్గిపోతాయి కాబట్టి మందు పనిచేసినట్టే అనిపిస్తుంది, కానీ వాడేకొద్దీ చర్మం పల్చబడుతుంది, మొటిమలు అదే తెప్పిస్తుంది కూడా, ఆపగానే మంట ఎరుపు తిరగబడతాయి. ఇలాంటి కేసులు మన దేశంలో ఎన్ని వస్తున్నాయంటే చర్మ డాక్టర్ల సంఘమే దీని మీద ప్రచారం చేస్తోందని, 2018లో కేంద్రం ఇలాంటి స్టీరాయిడ్ క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ లో పెట్టిందని చెప్పారు. పెట్టె మీద నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టరు రాస్తేనే వాడాల్సింది. ఆ గీత ఆ పెట్టె మీదా ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ దాని అర్థం తెలీదు.

తర్వాత మా వాడి వైపు తిరిగి "నువ్వు చెప్పు బాబూ, నీకు బాగా బాధగా ఉన్నదేంటి" అని వాణ్ణే అడిగారు, నన్ను కాదు. వాడు ముక్కు చూపించి "మురికి మేడమ్, ఎంత కడిగినా పోవట్లేదు" అన్నాడు. అప్పుడావిడ నన్నడిగారు, అమ్మా వంకాయ కోసి నీళ్ళల్లో వెయ్యకుండా పళ్ళెంలో వదిలేస్తే ఏమవుద్ది అని. నల్లబడుద్ది అన్నా. ఇదీ అంతే అన్నారు. చర్మం కింద నూనె గ్రంథులుంటాయి, పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి ఒంట్లో హార్మోన్లు పెరిగి అవి ఎక్కువ నూనె తీస్తాయి, నుదురు ముక్కు గడ్డం దగ్గర మరీ ఎక్కువ. ఆ రంధ్రం లోపలి గోడ నుంచి రాలాల్సిన చచ్చిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని ఆ నూనెతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. మూత తెరుచుకుని ఉంటే పైభాగం గాలి తగిలి నల్లబడుతుంది, అది బ్లాక్ హెడ్. మూత మూసుకుని ఉంటే చర్మం రంగులోనే చిన్న బుడిపె, అది వైట్ హెడ్. మా వాడి నుదుటి మీద అవి బోలెడున్నాయి, నేను చెమటకాయలు అనుకున్నా. ఆ నలుపు మురికి కాదు, కాబట్టి సబ్బు పెట్టి ఎన్నిసార్లు కడిగినా పోదు, వంకాయని రుద్ది తెల్లగా చెయ్యగలమా.

ఆ ఒక్క మాటకి మా వాడి మొహంలో ఏదో సడలింది. నువ్వు మురికిగా లేవు అని వాడికి ఒకళ్ళు చెప్పారు మొదటిసారి. అమ్మనై ఉండీ నేను రోజూ పొద్దున్నే రుద్దుతూ నువ్వు మురికిగా ఉన్నావనే చెబుతూ వచ్చా కదా వాడికి, నోటితో అనకపోయినా.

ఇంకో విషయం, ముక్కు మీద కనిపించేవన్నీ బ్లాక్ హెడ్స్ కావంట. చిన్న లైటున్న భూతద్దం పెట్టి చూపించారు. ముక్కు కొన మీద వరసగా, బూడిద రంగులో, చదునుగా ఉండేవి మామూలు నూనె దారాలు, సెబేషియస్ ఫిలమెంట్స్ అంటారు, అవి అందరికీ ఉంటాయి, జిడ్డు చర్మం వాళ్ళకి కాస్త ఎక్కువ కనిపిస్తాయి. నొక్కితే సన్నటి తెల్ల దారంలా వస్తుంది కానీ నెల రోజుల్లో మళ్ళీ నిండుతుంది. అతికించి పీకే పట్టీలు, పార్లర్లో తీయించుకోవడం, నా స్టీలు పుల్ల, వీటన్నిటికీ వచ్చే రిజల్ట్ ఆ నెల రోజులే. అసలైన బ్లాక్ హెడ్ విడిగా, కాస్త ఉబ్బెత్తుగా, బాగా నల్లగా ఉంటుంది. మా వాడికి అవి ముక్కు పక్కన మడతలోనూ గడ్డం మీదా ఓ ఇరవై దాకా ఉన్నాయి, మిగతావి దారాలే.

మొదటి నెల మందే లేదు. స్టీరాయిడ్ దెబ్బ చల్లారాలి కదా. మైల్డ్ ఫేస్ వాష్, తేలికపాటి మాయిశ్చరైజర్, సన్ స్క్రీన్, ఈ మూడే. మొహం కడగడం రోజుకి రెండుసార్లు, ఆడి చెమట పట్టి వస్తే మూడోసారి, అంతకు మించొద్దు. మామూలు సబ్బుకి క్షారం ఎక్కువ, చర్మానికేమో కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, ఊరికే సబ్బు రుద్దితే పైపొర దెబ్బతిని మంట ఎక్కువైపోతుంది. జిడ్డు మొహానికి మళ్ళీ మాయిశ్చరైజర్ ఏంటి అని మా వాడు వాదించాడు, నాకూ అదే సందేహం. నూనె వేరు, చర్మంలో నీటి తడి వేరు, జిడ్డు చర్మం కూడా ఎండిపోతుంది, ముందు ముందు ఇచ్చే మందుకి అది ఇంకా ఎండుతుంది, కాబట్టి నాన్ కొమెడోజెనిక్ (అంటే రంధ్రాలు మూసెయ్యనిది) అని రాసున్న జెల్ లాంటిది రాయాలన్నారు. సన్ స్క్రీన్ కోసం మాత్రం మూడు రకాలు మార్చాం, మొదటిది తెల్లగా పిండి పూసినట్టుందని వాడు స్కూలుకి రాసుకెళ్ళనన్నాడు, రెండోది జిడ్డు, మూడోది ఎస్ పీ ఎఫ్ 30 జెల్, అది కుదిరింది.

సెప్టెంబర్ మధ్యలో అడాపలీన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టారు. ఇది ఆ బిరడాలు కట్టకుండా చూసే మందు, ఉన్నవాటిని మెల్లగా వదులు చేస్తుంది. దీని వాడకం గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే మధ్యలో వదిలేస్తారంట. రాత్రి పూట మొహం కడిగి, తుడిచి, ఒక పావుగంట పూర్తిగా ఆరనివ్వాలి. ముందు పల్చగా మాయిశ్చరైజర్ రాసి, ఆ మీద పచ్చి శెనగగింజంత జెల్, అది మొహం మొత్తానికి, మొటిమకింత అని కాదు. నుదుటి మీద ఒక చుక్క, బుగ్గకొకటి, ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి పెట్టుకుని పల్చగా పరుచుకోవాలి. కళ్ళ దగ్గర, పెదాల మూలల్లో, ముక్కు మడత లోపల వద్దు. మొదటి రెండు వారాలు మూడు రోజులకొకసారి, తర్వాత రోజు మార్చి రోజు, ఓర్చుకోగలిగితే రోజూ.

మా వాడు రెండో వారంలో తొందరపడి ఎక్కువ పూసేశాడు, త్వరగా తగ్గుతుందని. మూడో రోజుకి పెదాల చుట్టూ ఉల్లిపొరలా లేచింది. మూడు రాత్రులు ఆపి ఒట్టి మాయిశ్చరైజర్ రాస్తే సర్దుకుంది. అదైపోయాక నాలుగో వారంలో అసలు పరీక్ష, నుదుటి మీద కొత్తగా పది పన్నెండు మొటిమలు. ఇంతకు ముందు లేనిచోట కూడా. మా వాడు ట్యూబు విసిరికొట్టాడు, నాకు ఏదీ వద్దు అని దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు, క్వార్టర్లీ పరీక్షలు అప్పుడే. నేను భయపడి ఫోన్ చేశా. కొంతమందికి మొదటి వారాల్లో లోపలున్నవి ఒకేసారి పైకి వచ్చి ఎక్కువైనట్టు అవుతుంది, ఆపొద్దు, ఇది పన్నెండు వారాల మందు, నాలుగో వారంలో లెక్క తీయకూడదు అన్నారు. ఆ మాట మొదటి రోజు కూడా చెప్పారు, చీటీ మీద రాశారు కూడా, కానీ బాధలో ఉన్నప్పుడు పన్నెండు వారాలు అంటే ఒక యుగం.

దాటించింది ఒక చిన్న పద్ధతి, అది కూడా ఆవిడే చెప్పారు. రోజూ అద్దంలో వెతకొద్దు, రెండు వారాలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తియ్యండి, పన్నెండు వారాలు అయ్యేదాకా పాతవి చూడొద్దు అని. మా వంటింటి కిటికీ పక్కన ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నిలబెట్టి తీసేదాన్ని, ఎదురుగా ఒకటి, రెండు పక్కల రెండు. అవి నా ఫోన్‌లోనే వేరే ఫోల్డర్‌లో పెట్టా, ఎవరికీ చూపించనని మాటిచ్చా. ఫొటో అంటేనే పారిపోయే పిల్లాడు దానికి మాత్రం వచ్చి నిలబడేవాడు, కళ్ళు మూసుకుని.

ఇక ఇంట్లో నూనె సంగతి. మా అత్తయ్యకి మనవడి తలకి రోజూ పొద్దున్నే కొబ్బరినూనె పెట్టి దువ్వితేగానీ తోచదు, వాడు పుట్టినప్పటి నుంచీ అది ఆవిడ పని. ఆ నూనె చెమటతో కలిసి నుదుటి మీదకి దిగుతోంది, నుదుటి మీద బుడిపెలకి అదొక కారణం అన్నారు డాక్టరమ్మ, పైగా చుండ్రు కూడా ఉంది. ఇది అత్తయ్యకి ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. చెబితే "నేను రాసిన నూనె వల్లే వాడికి ఇలా అయిందా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నీవల్ల కాదు నానమ్మా, ఒట్టు అని వాడే వెళ్ళి ఒళ్ళో పడుకున్నాడు. చివరికి ఏం చేశామంటే ఆదివారం మాత్రం ఆవిడ చేత్తోనే తలకి నూనె పెట్టించుకుని గంట ఆగి తలంటు, మిగతా రోజులు నూనె లేదు, చుండ్రుకి వారానికి రెండుసార్లు కీటోకొనజోల్ షాంపూ, పెట్టి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. నుదుటి మీద పడే జుట్టు కత్తిరించాం. దిండు గలేబు మూడు రోజులకొకసారి మార్చే పని అత్తయ్య తీసుకున్నారు, ఒక్కసారి కూడా మర్చిపోలా. రాత్రి తొమ్మిదిన్నరకి "నాయనా, ఆ శెనగగింజ రాసుకున్నావా" అని కేకేసేది కూడా ఆవిడే.

తిండి గురించి అందరూ అడుగుతారు. మామిడిపండు వేడి, వేరుశెనగలు వద్దు, నూనె పదార్థాలు తింటే మొహం మీద నూనె వస్తుంది, ఇవన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పింది వేరు. తిన్న నూనె నేరుగా మొహం మీదకి రాదు, కానీ కూల్ డ్రింకులు, బిస్కట్లు, మైదా, పంచదార ఇలా రక్తంలో షుగర్ టక్కున పెంచేవి ఎక్కువ తినేవాళ్ళకి మొటిమలు ఎక్కువ ఉండటం గమనించారంట, కొంతమందికి పాలతోనూ, జిమ్ పిల్లలు తాగే వే ప్రొటీన్ పౌడర్లతోనూ సంబంధం ఉందంట. మేం కూల్ డ్రింకు మానిపించాం, సాయంత్రం బిస్కట్ల బదులు ఉడికించిన శెనగలు పెట్టా. దానివల్ల ఎంత తగ్గిందో నేను చెప్పలేను, మందు కూడా అప్పుడే నడుస్తోంది కదా.

నవంబర్‌లో ఎర్ర మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ పొద్దున పూట కలిపారు. ఎక్కువ శాతం ఉన్నది తెచ్చుకుంటే ఎక్కువ పని చెయ్యదంట, మంట మాత్రం ఎక్కువంట. ఇది బట్టలకి తగిలితే రంగు పోతుంది, మా నీలం తువ్వాలు ఒకటి మచ్చలు మచ్చలుగా నారింజ రంగు తేలింది, అందుకే వాడికి తెల్ల తువ్వాలు వేరే పెట్టా. పొద్దుటి ఫేస్ వాష్ సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం ఉన్నదానికి మార్చారు, అది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు ఉన్న రంధ్రంలోకి దిగి పనిచేస్తుంది. ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టి ఉంటే మా వాడి చర్మం తట్టుకునేది కాదు, ఒక్కోటి నెల తేడాతో ఇచ్చారు. ఇంటర్నెట్‌లో చూసి ఐదు సీసాలు ఒకేసారి కొనేవాళ్ళు ఇది గమనించండి.

డిసెంబర్ రెండో వారంలో ఒక రాత్రి నేను వాష్ బేసిన్ పక్కగా వెళ్తుంటే వాడు మొహానికి చుక్కలు పెట్టుకుంటున్నాడు, తలుపు తీసే ఉంది. అప్పటిదాకా మొహం కడిగినా ఏం రాసుకున్నా గడియ పెట్టుకునేవాడు. నన్ను చూసి దాక్కోలా, అమ్మా నుదురు తగ్గినట్టుంది కదా అన్నాడు. ఆ ఆదివారం ఏడుసార్లు తీసిన ఫొటోలు వరసగా పెట్టి చూసుకున్నాం మొదటిసారి. నుదుటి బుడిపెలు ముప్పాతిక భాగం పోయాయి. ముక్కు మడతల్లో నల్లవి లెక్కపెడితే ఆరు. బుగ్గల ఎరుపు లేదు. నేను నిమ్మచెక్క రుద్దిన చోటా పుల్లతో నొక్కిన చోటా మచ్చలు మాత్రం లేత గోధుమ రంగులో ఇంకా ఉన్నాయి, అవి సంక్రాంతి దాటాక పోయాయి. మా వారు ఆ ఫొటోలు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు, తన బుగ్గ తడుముకుంటూ.

ఇప్పుడు మే నెల. పదో తరగతి అయిపోయింది. జిడ్డు పూర్తిగా పోలేదు, పోదు కూడా, ఈ వయసు దాటేదాకా గ్రంథులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. ముక్కు కొన మీద దారాలు దగ్గరగా చూస్తే కనిపిస్తాయి, వాడు వాటిని ముట్టుకోడు. నెలకొకటీ రెండూ మొటిమలు వస్తాయి, పోతాయి. తగ్గింది కదా అని జెల్ మానేస్తే మళ్ళీ బిరడాలు కడతాయని వారానికి మూడు రాత్రులు రాయమన్నారు. మా వాడిది మధ్యరకం కేసు, జెల్ తోనే లొంగింది. లోతుగా, నొప్పిగా, గడ్డల్లా వచ్చే పిల్లలకి మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, గుంటలు ఎక్కువగా పడేది వాళ్ళకే, వాళ్ళకి వేరే మాత్రలు అవసరమవుతాయి, అవి పరీక్షలు చేయించి డాక్టరు చూస్తూ వాడించాల్సినవి. ఆడపిల్లలకైతే నెలసరి సరిగా రాకుండా మొటిమలు వస్తుంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.

జూన్‌లో ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్తున్నాడు. అక్కడ బోరు నీళ్ళు, గదికి ఆరుగురు. మొన్న బ్యాగు సర్దుతుంటే వాడే ఒక చిన్న సంచిలో ఫేస్ వాష్, జెల్, సన్ స్క్రీన్, తెల్ల తువ్వాలు పెట్టుకున్నాడు, అక్కడ ఫోన్ ఉండదని డాక్టరు చీటీ జిరాక్స్ కూడా తీయించి పెట్టుకున్నాడు. అత్తయ్య తన పాత నేత చీర ఒకటి చింపి వారం రోజులు మిషన్ మీద కూర్చుని దిండు గలేబులు కుట్టారు, పది. "మూడు రోజులకొకటి నాయనా, నెలకి సరిపోతాయి, నెలాఖరుకి మూటగట్టి మీ నాన్నకిచ్చి పంపు, నేను ఉతికిస్తా" అన్నారు. వాడు పదీ లెక్కపెట్టుకుని బ్యాగు అడుగున సర్దుకున్నాడు.